ఇందిరమ్మ పోయిన వారం

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సావనీర్ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "బడిలో మరచిపోలేని రోజు" గురించి పావుగంట మాట్లాడమన్నారు. అందరూ ఆటల పోటీలూ వార్షికోత్సవాలూ చెప్తారు, నేనూ అదే చెప్తే మీకు నిద్రొస్తుంది. ఇంజనీర్‌ని, ముప్పై ఏళ్ళుగా పంపులూ బాయిలర్ల మధ్య బతికినవాణ్ణి, ఉపన్యాసం నాకు చేతకాదు. ఒక్క వారం సంగతి మాత్రం చెప్పాలి. 1984లో, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇందిరాగాంధీ చనిపోయిన వారం. ఆ వారం గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. చెప్పుకోవాల్సిన మనిషి ఇవాళ ఇక్కడే కూర్చుని ఉన్నారు కాబట్టి ధైర్యం చేస్తున్నా.

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, ఇందిరాగాంధీ మన ఎంపీ. 1980 ఎన్నికల్లో ఆమె రాయ్‌బరేలీలోనూ మన మెదక్‌లోనూ నిలబడ్డారు. ఇక్కడ జైపాల్ రెడ్డి గారి మీద రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. తర్వాత రాయ్‌బరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. అంటే చనిపోయిన రోజు ఆమె దేశానికి ప్రధాని, మన ఊరికి ఎంపీ. దూరాన ఢిల్లీలో ఎవరో పోయినట్టు కాదు, మా ఇళ్ళలో మనిషి పోయినట్టే అయింది. మా నానమ్మ ఆమెను పేరుపెట్టి పిలిచేది కాదు, "అమ్మ" అనేది.

ఈ ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీ చూపించినా "ఇందిరమ్మ తెచ్చింది" అనడం మనవాళ్ళకు అలవాటు. అన్నీ నిజం కాదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ అరవైలలోనే వచ్చింది, అప్పటికి ఆమె మన ఎంపీ కానే కాదు. ఇక్రిశాట్ 1972లో పెట్టారు, 1975లో వచ్చి శంకుస్థాపన చేసింది మాత్రం ఆమే. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి 1984 జులైలో పునాదిరాయి వేసింది కూడా ఆమే. దానికి మేము ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి వెళ్ళాం. జనంలో నాకు కనబడింది ఒక తెల్ల చీర కొంగు, ఊపుతున్న చెయ్యి, అంతే. అయినా ఏడాదిపాటు "నేను చూసిన" అని చెప్పుకు తిరిగాను. ఆ రాయి వేసిన ఆవరణలోనే 2008లో ఐఐటీ హైదరాబాద్ తరగతులు మొదలయ్యాయి. అప్పుడది చెబితే ఎవరైనా నవ్వి ఉండేవాళ్ళు.

జులైలో అంత ప్రేమ. ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఊళ్ళో అదే నోళ్ళు ఆమెను తిట్టాయి. పటేల్ పట్వారీలను తీసేసినవాడు, రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినవాడు, ఆయన్ని ఎట్ల తీసేస్తరు అని రచ్చకట్ట మీద కొట్లాటలు. ఎమ్మెల్యేలను స్టూడియోలో ఉంచి, బస్సుల్లో కర్ణాటకకు తిప్పిన రోజులవి. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మా సోషల్ సారు ఈనాడు పేపర్ తెచ్చి క్లాసులో చదివించేవారు. నాకు రాజకీయం అర్థమైందని కాదు గానీ, గవర్నర్ అంటే ఎవరో ఆ నెలలోనే తెలిసింది.

అక్టోబర్ 31, బుధవారం. మధ్యాహ్నం బెల్లుకు ముందే హెడ్మాస్టర్ గారు అందరినీ బయట నిలబెట్టి ఇంటికి పొమ్మన్నారు. కారణం చెప్పలేదు. పటాన్‌చెరు నుంచి వచ్చిన వాళ్ళు "ఇందిరమ్మను కాల్చిండ్రంట" అన్నారు. ఉదయం తొమ్మిదిన్నర లోపలే కాల్పులు జరిగితే, ఆకాశవాణి అధికారికంగా చెప్పింది సాయంత్రం. ఆ మధ్యలో ఊరంతా రేడియోల చుట్టూ కూర్చుంది. రేడియోలో విషాద సంగీతం తప్ప ఏమీ లేదు. మా నానమ్మకు సంగీతంతోనే అర్థమైంది. "ఇంక దేశానికి దిక్కెవరు బిడ్డా?" అని నన్నడిగింది. పద్నాలుగేళ్ళవాణ్ణి, నాకేం తెలుసు? కానీ ఆ ప్రశ్న నన్ను నిజంగా భయపెట్టింది. దేశం ముక్కలైపోతుందని, పాకిస్తాన్ వస్తుందని, అన్నం దొరకదని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు.

మర్నాడు బంద్. మేము నలుగురం సైకిళ్ళ మీద పటాన్‌చెరు వెళ్ళాం, బొంబాయి రోడ్డు మీదికి. చూడ్డానికే వెళ్ళాం, ఇంకేం ఉద్దేశం లేదు. రోడ్డుకు అడ్డంగా టైరు కాలుతోంది. జహీరాబాద్ వైపు నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవర్‌కు తలపాగా, గడ్డం. ఎవరో "వీళ్ళే చంపింది" అని అరిచారు. కాల్చినవాళ్ళు ఆమె అంగరక్షకులు ఇద్దరు. ఆ లారీవాడికీ వాళ్ళకూ ఏం సంబంధం? ఆ క్షణంలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. చేతికి అందిన కంకరరాయి తీసి విసిరాను.

నా దెబ్బకు పక్క అద్దం పగిలింది. ఆయన కణత దగ్గర నెత్తురు కారింది. ఆయన నన్నే చూశాడు. తిట్టలేదు, అరవలేదు, చేత్తో కణత అదుముకుని చూశాడంతే. పక్కనున్న చాయ్ హోటల్ ఆయన ఉరికివచ్చి, ఆ మనిషిని లాక్కుపోయి షట్టర్ దించేశాడు. మేము పారిపోయాం.

మా నాయన రోజూ డ్యూటీ దిగి ఆ హోటల్లోనే చాయ్ తాగేవాడు. రెండ్రోజుల తర్వాత అన్నం తింటూ మా అమ్మతో అన్నాడు: "ఎవలో పోరలు రాయేసిండ్రంట. ఆ సర్దార్‌జీని హోటలాయన వెనుక అర్రల దాసిండు. ఆయన తిండి అడగలే, పోస్టుకార్డు అడిగిండంట, ఇంటికి రాసుకుంటనని." నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. అప్పటికి ఢిల్లీలో ఏం జరుగుతోందో మాకు తెలియదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ నాలుగు రోజుల్లో ఢిల్లీ ఒక్కచోటే 2,733 మంది సిక్కులను చంపారు. ఆ కార్డు పంజాబ్‌లో ఏ ఇంటికి చేరిందో, చేరేదాకా ఆ ఇంట్లోవాళ్ళు ఎట్లా ఉన్నారో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

నవంబర్ 3న అంత్యక్రియలు. బీహెచ్‌ఈఎల్ క్వార్టర్స్‌లో మా మేనమామ ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూశాం. ఒక గదిలో యాభై మంది. ఆడవాళ్ళు బోరున ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తర్వాత బడి తెరిచారు. ఇక ఆ రోజు సంగతి.

సోషల్ సారు వచ్చి పాఠం పుస్తకం తెరవలేదు. బోర్డు మీద మూడు వరుసలు రాశారు. 1964 మే 27 నెహ్రూ మరణం, జూన్ 9 శాస్త్రి ప్రమాణం. 1966 జనవరి 11 శాస్త్రి మరణం, జనవరి 24 ఇందిర ప్రమాణం. 1984 అక్టోబర్ 31, అదే రోజు సాయంత్రం రాజీవ్ ప్రమాణం. "ఎన్నెన్ని రోజులు?" అని అడిగారు. వేళ్ళ మీద లెక్కపెట్టి పదమూడు, పదమూడు, సున్నా అన్నాం.

"ఆ పదమూడు రోజులు దేశం ఎవరు నడిపిండ్రు?"

ఎవరికీ తెలియదు. గుల్జారీలాల్ నందా అని సారే చెప్పారు. రెండుసార్లూ ఆయనే తాత్కాలిక ప్రధాని. "రెండుసార్లు తాళంచెవులు చేతికి వచ్చినయి, రెండుసార్లు ఇచ్చేసి ఇంటికి పోయిండు. మీకు పేరు కూడా తెల్వదు" అని నవ్వారు. ఆ పదమూడు రోజుల్లో పార్టీ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, రెండోసారి పోటీ పెట్టి ఎంపీల చేత ఓట్లు వేయించారు, మొరార్జీ దేశాయ్ ఓడిపోయి ఊరుకున్నారు అని చెప్పారు. ఈసారి ఎందుకు సున్నా అయింది, అది మంచిదా కాదా, మీరే ఆలోచించండి అన్నారు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. కుర్చీ ఒక్క పూట కూడా ఖాళీగా లేకపోవడం ధైర్యమిచ్చే సంగతే. అడిగే తీరిక ఎవరికీ లేకపోవడం కూడా అదే పూట జరిగింది.

తర్వాత సారు ఇంకో ప్రశ్న వేశారు. "రాజీవ్ గాంధీతోటి ప్రమాణం చేయించింది ఎవరు?" రాష్ట్రపతి అన్నాం. "పేరు?" జ్ఞానీ జైల్‌సింగ్. "ఆయన నెత్తి మీద ఏముంటది?" క్లాసంతా ఒక్కసారిగా గమ్మున అయిపోయింది. విదేశం నుంచి ఉరుకులతో వచ్చి ఆస్పత్రికి పోతుంటే ఆ రాష్ట్రపతి కారు మీద కూడా రాళ్ళు పడ్డాయని సారు చెప్పారు. ఆ తర్వాతే ఆయన వెళ్ళి ప్రమాణం చేయించారు.

అప్పుడు అడిగారు: "పటాన్‌చెరుల లారీ మీద రాయేసినోళ్ళల్ల మన బడి పిల్లలున్నరని విన్న. ఎవరు?"

ఎవరం లేవలేదు. సారు కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. బెత్తం తీయలేదు, గొంతు పెంచలేదు. బెల్లు కొట్టేదాకా, ఒక ఇరవై నిమిషాలు ఉంటుందేమో, అట్లాగే కూర్చున్నారు. బెల్లు కొట్టాక డస్టర్‌తో బోర్డు తుడిచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సార్, ఆ రాయి వేసింది నేనే. నాతో వచ్చిన ముగ్గురూ వేయలేదు, వాళ్ళ మీద అనుమానం ఉంటే తీసేయండి. వాళ్ళలో ఇద్దరు ఇక్కడే ఉన్నారు, ఒకరు లేరు. వాళ్ళు నలభై ఏళ్ళు నా పేరు బయటపెట్టలేదు. ఆలస్యంగా లేచినందుకు క్షమించండి.

(సభ ఏమీ అనక ముందే మిగతాది చెప్పేస్తాను, లేకపోతే గొంతు పట్టుకుంటుంది.)

ఆ తర్వాత దేశం ఏమైంది? నానమ్మ అడిగిన ప్రశ్నకు నానమ్మే జవాబు చెప్పింది. డిసెంబర్‌లో ఎన్నికలు వచ్చాయి. దేశమంతా సానుభూతి, కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు. మన రాష్ట్రంలో మాత్రం 42లో 30 తెలుగుదేశానికి. హనుమకొండలో పీవీ నరసింహారావు గారంతటి ఆయన ఓడిపోయారు. ఇందిరమ్మ సొంత సీటు మెదక్‌లో కూడా తెలుగుదేశమే గెలిచింది. మా నానమ్మ ఇందిరమ్మ క్యాలెండర్ ఫొటోకు బొట్టుపెట్టి, దండం పెట్టి, పోయి సైకిల్ గుర్తుకు ఓటేసి వచ్చింది. నేను అడిగితే ఒక చూపు చూసింది. "ఏడ్వొద్దా మరి, మన ఇంటి మనిషసొంటిది. ఓటు సంగతి వేరు, బియ్యం సంగతి గది" అంది. అక్షరం రాని మనిషి. దేశం ముక్కలవుతుందన్న భయం నాకు పోయింది ఆ రోజే.

పోయింది అన్నాను గానీ, కొన్నిటికి ఇప్పటికీ జవాబు లేదు. పెద్ద చెట్టు కూలితే భూమి కంపిస్తుందని ఆ నవంబర్‌లో ఢిల్లీ సభలో కొత్త ప్రధాని అన్నారు. మన ఊళ్ళో చెట్టు కూలితే ముందు ఉరికిపోయి కింద ఎవరైనా పడ్డారా అని చూస్తాం. ఆ చూడ్డానికి దేశానికి చాలా ఏళ్ళు పట్టింది. 2005లో పార్లమెంటులో ప్రధాని మన్మోహన్ సింగ్ క్షమాపణ చెప్పారు. ఆయన తలపాగా ఉన్న మనిషి, చంపినవాడు కాదు, చావు చూసిన జాతివాడు. క్షమాపణ ఆయన నోటి నుంచే రావాల్సి వచ్చింది. ఒక మాజీ ఎంపీకి శిక్ష పడింది 2018లో, ముప్పై నాలుగేళ్ళకు.

ఇంకోటి మనకు మరీ దగ్గరిది. ఇందిరమ్మ పోయిన సరిగ్గా అయిదో వారంలో, డిసెంబర్ 2 రాత్రి, భోపాల్‌లో గ్యాస్ లీకైంది. ఇంజనీరింగ్‌లో చేరాక ఆ ప్రమాదం మీద ఎంత దొరికితే అంత చదివాను. ట్యాంకును చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్ ఆపేసి నెలలైంది. గ్యాస్‌ను కడిగే స్క్రబ్బర్ అంత గ్యాస్‌ను తట్టుకునే స్థితిలో లేదు. కాల్చేసే ఫ్లేర్ టవర్ పైపు విప్పేసి ఉంది. మూడు కాపలాలు, మూడూ లేవు. వేలమంది పోయారు. ప్రధాని పోయిన నెలలో మనం ఆమె కోసమే ఏడుస్తూ ఉన్నాం, అదే నెలలో అక్కడ ఆ పైపు విప్పి ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది, ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది, మన ఆగస్టు బస్సులు చూశాక. నాకు నాయకుల ఫొటోల కంటే ఈ మూడు సంవత్సరాలు ఎక్కువ గుర్తు, బహుశా ఉద్యోగం వల్ల కావచ్చు.

ఉద్యోగం అన్నాను కాబట్టి ఒక ముచ్చట. నేను మొదట చేరిన కంపెనీలో, పేరెందుకు, ఒక బాయిలర్ ఆపరేటర్ ఉండేవాడు. చెవి పెట్టి విని "ఫీడ్ పంపు బేరింగ్ పోతోంది" అనేవాడు, విప్పి చూస్తే పోయేది. మేనేజ్‌మెంటుకు ఆయనంటే ప్రాణం. లాగ్‌బుక్ రాయమంటే నవ్వేవాడు, మేమూ పట్టుబట్టలేదు. ఒక రాత్రి గుండెపోటుతో పోయాడు. మూడు రోజులు ప్లాంటు నడపలేకపోయాం. ఏ వాల్వు ఎంత తిప్పాలో, ఏ గేజి అబద్ధం చెప్తుందో అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. డ్యూటీ పంపు పక్కన స్టాండ్‌బై పంపు పెట్టుకున్నాం గానీ, ఆయన పక్కన ఎవరినీ పెట్టుకోలేదు. ఆయన శవం దగ్గర ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, తప్పు మాది కూడానని తెలిసి. ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా మొదట అడిగేది లాగ్‌బుక్. జూనియర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మన నక్కవాగు ముచ్చట మీకు నేను చెప్పక్కర్లేదు. దానిలో ఈత కొట్టినవాళ్ళు ఇక్కడున్నారు, దాని నీళ్ళకు బర్రెలు చచ్చిన రైతులూ ఉన్నారు. 1990లో సుప్రీంకోర్టుకు కేసు పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ పరిశ్రమలోనే జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి నేను వేలు చూపించలేను. నా వేలు కూడా అందులో ఉంది.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు. నలభై మందికి పైగా పోయారు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ పిల్లలే ఎక్కువ. ఆ రెండు మూడు రోజులు నేను ఆస్పత్రి బయట ఉన్నాను, తెలిసిన కుర్రాడొకడు అందులో పనిచేసేవాడు కాబట్టి. గేటు దగ్గర ఒక పెద్దాయన ఫోన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు. డీఎన్‌ఏ ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడట. నాకు ఆ పోస్టుకార్డు గుర్తొచ్చింది. ఆ పెద్దాయనకు ఏదైనా తినడానికి తెస్తానంటే వద్దన్నాడు, ఛార్జర్ ఉందా అని అడిగాడు.

మన బడిలో ఇప్పుడు ప్రతి తరగతిలోనూ ఆ రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికుల పిల్లలున్నారని హెడ్మాస్టర్ గారు చెప్పారు. తెలుగు రాక మొదటి ఏడాదే మానేస్తున్నారట. సంఘం తరఫున భవనానికి గేటు కట్టిద్దామని తీర్మానం ఉంది, దానికి నేను వ్యతిరేకం కాదు. నా వంతు మాత్రం గేటుకు ఇవ్వను. ఆ పిల్లలకు తెలుగు నేర్పడానికి ఒక టీచర్‌ను పెట్టుకుంటే మూడేళ్ళ జీతం నేనిస్తాను. ఎవరైనా కలిస్తే నాలుగో ఏడాది చూద్దాం. లెక్కలు మాత్రం రిజిస్టర్‌లో రాయాలి, నా తలలో కాదు, కార్యదర్శి గారి తలలో కూడా కాదు.

వంటవాళ్ళు సైగ చేస్తున్నారు, అన్నం చల్లారుతోందట. సార్, మీరు కిందికి దిగేటప్పుడు మెట్లు జాగ్రత్త, నేను వచ్చి చెయ్యి పట్టుకుంటాను.